సైనికుని వంశవృత్తము - కవితాపాఠము : విల్‌ఫ్రెడ్ ఓవెన్ విషయమున ఒక పరిశీలనము

మన కవుల జీవితములను నిర్ణయించుట వాఙ్మయచరిత్రకారులకు మొదటినుండియు క్లేశకరమైన పనియే. అవతారికలోని వంశవర్ణనము, ఆశ్వాసాంతగద్య, సమకాలిక శాసనము, నోటినోట వచ్చిన చాటువు - ఈ నాలుగింటిని ఒరసి చూచి కవి కాలమును, కులగోత్రములను, కొలువును తేల్చవలసియుండును. గురజాడ శ్రీరామమూర్తిగారి 'కవిజీవితములు', వీరేశలింగముగారి 'ఆంధ్రకవుల చరిత్రము' ఈ కష్టమునుండియే పుట్టినవి. ఆధారములు తక్కువగుటచేతనే ఇన్ని వివాదములు కలుగుచున్నవనియు, అవి సమృద్ధిగా దొరకినచో వివాదములు వాటంతట అవే అణగిపోవుననియు మనలో ఒక నమ్మకము కలదు. ఈ నమ్మకము ఎంతవరకు నిలుచును? దీనిని పరీక్షించుటకు ఆధారములు పుష్కలముగా నున్న కవి నొకనిని తీసికొనుట మేలు. మొదటి ప్రపంచయుద్ధమున పోరాడి మరణించిన ఆంగ్లకవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ అట్టివాడు. అతని సైనికపత్రములున్నవి, దళముల దినచర్యాగ్రంథములున్నవి, రాజపత్రమున ప్రకటితమైన పతకప్రశంస యున్నది, తల్లికి వ్రాసిన లేఖలే అయిదువందలకు పైగా నున్నవి, తమ్ముడు వ్రాసిన మూడు సంపుటముల కుటుంబచరిత్ర యున్నది. అయినను ఇతని విషయమున చిక్కులు తొలగలేదు. అవి ఎట్టివో, వాటిని విడదీయు మార్గమేదో నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా వంశము. ఓవెన్ 1893 మార్చి 18వ తేదీన ఇంగ్లండు పశ్చిమపు సరిహద్దున, ఆస్వెస్ట్రీ పట్టణసమీపమునందలి ప్లాస్ విల్మాట్ అను ఇంట జన్మించెను. పూర్తిపేరు విల్‌ఫ్రెడ్ ఎడ్వర్డ్ సాల్టర్ ఓవెన్. మన ఇంటిపేర్లవలెనే ఈ నామావళియు ఒక ఆధారమే. 'ఎడ్వర్డ్' అనునది మాతామహుడైన ఎడ్వర్డ్ షా పేరు. 'సాల్టర్' అనునదియు తల్లివైపునుండి వచ్చినదే. తండ్రినుండి బిడ్డకు సంక్రమించినది చివరి 'ఓవెన్' ఒక్కటియే. పుట్టిన ఇల్లును మాతామహునిదే. తండ్రి టామ్ ఓవెన్ రైల్వే గుమాస్తా; యౌవనమున కొన్నేండ్లు భారతదేశమున రైల్వే కొలువు చేసి మరలినవాడు. 1897లో మాతామహుడు మరణింపగా ఇల్లు అమ్ముడుపోయినది. కుటుంబము బర్కెన్‌హెడ్ ఓడరేవునకు, తరువాత 1907లో ష్రూస్‌బరీ పట్టణమునకు తరలినది. తండ్రి క్రమముగా అసిస్టెంటు సూపరింటెండెంటు పదవివరకు ఎదిగెను. 

ఈ వివరములు కవితావిమర్శకు ఏమి ఉపకరించును? అను ప్రశ్న సహజము. తమ్ముడు హెరాల్డ్ ఓవెన్ 1963 - 65 మధ్య ప్రకటించిన చరిత్రలో, పోయిన ఇంటిని గూర్చిన బెంగ, పైకి కనబడనీయని లేమి, పరువు నిలుపుకొను ప్రయాస పదేపదే కానవచ్చును. ఆ గ్రంథమునకు 'అజ్ఞాతమునుండి ప్రయాణము' అను అర్థము వచ్చు పేరే పెట్టబడినది. దీనిని ఆధారముగా గొని ఓవెన్ కవితలోని దీనజనపక్షపాతమునకు బాల్యదారిద్ర్యమే మూలమని చెప్పుట సులభము. కాని అది సరిపడదు. ఉద్యోగియైన తండ్రి, పియానో వాయించు తల్లి, బడిచదువు, పుస్తకములు గల ఇల్లది. లండను విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షయందు 1911లో ఉత్తీర్ణుడైనను, విద్యార్థివేతనము రానందున అతడు కళాశాలలో చేరజాలకపోయెను. కడుపునకు లేకపోవుట వేరు, గడపవరకు వచ్చి లోనికి పోలేకపోవుట వేరు. ఓవెన్ అనుభవము రెండవది. తన సమకాలికులైన సైనికకవులలో పెక్కుమంది ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి చదువులవారు. ఇతడు ఆ చదువునకు వెలుపల నిలిచి, కీట్సు కవిని గురువుగా భావించి, ఒంటరిగా సాధన చేసినవాడు.

కుటుంబమునుండి వచ్చిన మరియొక సంస్కారము మతము. తల్లి సూసన్ దృఢమైన క్రైస్తవభక్తురాలు. ఆమె ప్రేరణముననే ఓవెన్ 1911 నుండి 1913 వరకు రెడింగు పట్టణసమీపమునందలి డన్స్‌డెన్ గ్రామమున చర్చి గురువునకు సహాయకుడుగా నుండెను. అచ్చట రోగులను, పేదలను దగ్గరగా చూచి, మతసంస్థ వారిపట్ల చూపు ఉదాసీనతను గమనించి, విశ్వాసము సడలి వెలువడెను. కాని బైబిలు భాష అతనిని వీడలేదు. అబ్రహాము తన కుమారుని బలియీయబోయిన కథను అతడు యుద్ధమునకు అన్వయించినప్పుడు కథ అంతమును తారుమారు చేసెను: దేవదూత వలదన్నను వృద్ధుడు వినడు, కుమారునితోపాటు యూరపులోని సగము సంతతిని ఒక్కొక్కరిగా వధించును. ఆ కథను తల్లి ఒడిలో విన్నవాడు మాత్రమే దానిని అంత నిర్దాక్షిణ్యముగా త్రిప్పగలడు. వంశవృత్తాంతము ఇచ్చట కావ్యమునకు నిజముగా వెలుగునిచ్చుచున్నది.

ఇక సైనికసేవ. యుద్ధారంభమున ఓవెన్ ఫ్రాన్సులో ఆంగ్లోపాధ్యాయుడు. యుద్ధము మొదలైన పదునాలుగు నెలలకు, 1915 అక్టోబరు 21న, 'ఆర్టిస్ట్స్ రైఫిల్స్' దళమున చేరెను. 1916 జూనులో మాంచెస్టర్ రెజిమెంటున సెకండు లెఫ్టినెంటుగా నియుక్తుడాయెను. ఇచ్చట పరిశోధకుడు జాగరూకుడై యుండవలెను. రాజపత్రమున అతడు 5వ బెటాలియనువాడు. కాని ఫ్రాన్సులో పోరాడినది 2వ బెటాలియనుతో. 'జతచేయబడినవాడు' అను ఒక చిన్నమాట ఈ రెంటికి సేతువు. ఆ మాటను చూడక 5వ బెటాలియను చరిత్రను వెదకువాడు, 1915లో గలిపోలీ యుద్ధమునకు, ఈజిప్టు ఎడారులకు పోయి, ఓవెన్ ఎన్నడును కాలిడని దేశములలో అతనిని అన్వేషించుచుండును. శాసనమున ఒకే పేరుగల ఇద్దరు రాజులను ఒకనిగా భ్రమించుటవంటిదే ఈ ప్రమాదము.

1917 జనవరిలో అతడు సోమ్ ప్రాంతపు యుద్ధరంగమును చేరెను. ఇరుసేనల నడిమి నేలలో, జర్మనులు విడిచిన ఒక నేలకొట్టమున, ఇరువదియైదుగురు సైనికులతో యేబది గంటలు గడిపెను. మార్చిలో ఒక నేలమాళిగయందు పడి తలకు దెబ్బ తగిలించుకొనెను. ఏప్రిలులో సావీ అడవియొద్ద దాడిలో పాల్గొనెను. ప్రేలుడుధాటికి ఎగిరిపడి, మరణించిన తోడి అధికారి శరీరశకలముల సమీపమున దినములు గడపెను. నాడీదౌర్బల్యమను నిర్ణయముతో వైద్యులు అతనిని వెనుకకు పంపిరి. జూను 26న ఎడింబరో నగరమునందలి క్రెయిగ్‌లాక్‌హార్ట్ సైనికవైద్యశాలలో చేరెను. ఆగస్టులో అచ్చటనే సీగ్‌ఫ్రీడ్ ససూన్ కవితో పరిచయమాయెను. అతని ప్రసిద్ధకవితలన్నియు ఇంచుమించుగా ఆ పరిచయమునకు తరువాతి పదునైదు నెలలలో రూపొందినవే. 1918 ఆగస్టు తుదిని మరల ఫ్రాన్సునకు పోయి, నవంబరు 4న, ఓర్స్ గ్రామమువద్ద సాంబర్ - ఉవాజ్ కాలువను దాటు ప్రయత్నమున మరణించెను. యుద్ధము ముగియుటకు అప్పటికి ఒక్క వారమే కలదు. మరణవార్త తెచ్చిన తంతి, సంధి కుదిరిన నవంబరు 11న, గంటలు మ్రోగుచుండగా తల్లిదండ్రులకు చేరెనని కుటుంబసంప్రదాయము.

ఇంతవరకు పత్రములకు, జ్ఞాపకములకు విరోధము లేదు. విరోధమంతయు 1918 అక్టోబరు 1, 2 తేదీలలో ఫోన్సోమ్ వరుసపై జరిగిన దాడిని గూర్చినది. ఆ దాడికే అతనికి 'మిలిటరీ క్రాస్' పతకము లభించెను. పతకప్రకటన 1919 ఫిబ్రవరిలోను, ప్రశంసావాక్యములు అదే సంవత్సరము జూలై 30న రాజపత్రములోను వెలువడినవి. ఆ ప్రశంస చెప్పునది ఇది: కంపెనీ నాయకుడు గాయపడగా ఓవెన్ నాయకత్వము వహించెను, తీవ్రమైన ఎదురుదాడిని నిలువరించెను, పట్టుబడిన శత్రువుల మరఫిరంగిని ఒంటరిచోటునుండి స్వయముగా ప్రయోగించి వారికి అధికనష్టము కలిగించెను. అయితే 1967లో హెరాల్డ్ ఓవెన్, జాన్ బెల్‌గార్ల సంపాదకత్వమున వెలువడిన లేఖాసంపుటమునందు ఈ ప్రశంసయే వేరొక రూపమున కానవచ్చును. దాని ప్రకారము అతడు ఒంటరిచోటనున్న శత్రువుల మరఫిరంగిని స్వయముగా పట్టుకొని, పలువురిని బందీలుగా గొనెను. చంపినవాడు పట్టుకొన్నవాడుగా మారినాడు. ఈ పాఠమే అటుపిమ్మటి రచనలలోనికి ప్రాకి చాలకాలము ప్రామాణ్యమును పొందినది. డొమినిక్ హిబర్డ్ మున్నగు పరిశోధకులు రాజపత్రముతో పోల్చి చూచినప్పుడుగాని భేదము బయటపడలేదు.

ఇచ్చట తొందరపడి ఒక పాఠమును సత్యమనియు రెండవదానిని కల్పన యనియు తీర్పు చెప్పి ఊరకుండుట విమర్శకాదు. మూడవసాక్షి యొకడు కలడు: ఓవెన్ తానే. దాడి ముగిసిన కొలదిదినములకు తల్లికి వ్రాసిన లేఖలలో అతడు ఒక యువ లాన్స్ కార్పొరల్ తోడుగా జర్మను మరఫిరంగిని, పలువురు బందీలను పట్టుకొంటిననియు, తన పిస్తోలుతో ఒక్కని మాత్రమే కాల్చితిననియు, తక్కినవారిని చిరునవ్వుతోనే లొంగదీసితిననియు చెప్పుకొనెను. కావున లేఖాసంపుట పాఠము శూన్యమునుండి పుట్టినది కాదు. దాని యర్థమంతయు లేఖలలో నున్నదే. దోషమెచ్చట? లేఖలోని అర్థమును రాజపత్రము నోట పలికించుటయందు. ఒక సాక్షి మాటను వేరొక సాక్షి మాటగా వ్రాయుట పరిష్కర్తకు తగని పని.

రాజపత్రము, లేఖ పరస్పరవిరుద్ధములా? కావు. లేఖ ఫిరంగి పట్టుబడుటతో ఆగిపోవుచున్నది. రాజపత్రము పట్టుబడిన ఫిరంగి తరువాత ఏమి చేసినదో చెప్పుచున్నది. ఒకటి మౌనము వహించినచోట రెండవది నోరు విప్పినది. ఆ మౌనమునకు కారణము ఊహింప కష్టముకాదు. లేఖ చదువునది తల్లి. రాజపత్రమునకును తన ప్రయోజనమున్నది. అది మన శాసనములలోని ప్రశస్తివంటిది. శౌర్యమును కొనియాడుటకై పుట్టినది. శత్రునష్టము దానికి అలంకారము. కావున ప్రతి ఆధారమునకు అది ఎవరికొరకు, ఏ పనికొరకు వ్రాయబడినదో విచారించినపిమ్మటనే విలువ కట్టవలెను. ఆధారములు పెరిగినకొలది ఈ పని పెరుగునే కాని తరుగదు.

కుటుంబమువారికి ఈ మార్పు ఎందుకు ప్రియమైనదో తెలిసికొనవలెనన్న 1917కు మరలవలెను. ఆ సంవత్సరమున ఓవెన్ నాయకుడు అతనిని అన్యాయముగా పిరికివాడని నిందించెననియు, అది అతని మనస్సును తొలిచెననియు రాబర్ట్ గ్రేవ్స్ వ్రాసియున్నాడు. ధైర్యమునకు సాక్ష్యము కావలెను. అది పతకమువలన దొరకినది. కాని యుద్ధమునందలి కరుణయే తన కవితకు విషయమని పీఠికలో ప్రకటించినవాడు మరఫిరంగితో మనుష్యులను కూల్చెనన్న మాట కవిప్రతిష్ఠకు మచ్చ యని ఆత్మీయులకు తోచుట సహజము. ధైర్యము నిలువవలెను, రక్తము కనబడరాదు: సవరించిన పాఠము ఈ రెండుకోరికలను తీర్చుచున్నది.

మరి కవి యేమనెను? సమాధానము చరిత్రలో కాక కవితలలోనే యున్నది. అపరిచితులగు ఇద్దరు సైనికులు భూగర్భమున కలిసికొనినట్లు చెప్పు ప్రసిద్ధకవితలో రెండవవాడు, మాట్లాడుచున్నవాడు క్రితము దినము పొడిచి చంపిన శత్రువే. ఈ కవితను అక్టోబరునాటి చర్యకు పశ్చాత్తాపముగా చదువుట కొందరకు రుచించును. కాలక్రమము దానికి ఒప్పుకొనదు. ఆ కవిత 1918 పూర్వార్ధమునందలిది, దాడి అక్టోబరునందలిది. వసంతకాలపు దాడిని వర్ణించు వేరొక కవితయు ఇట్టిదే. అది 1917 ఏప్రిలునాటి అనుభవమునుండి పుట్టి, 1918 వేసవిలో ఆరంభమై, సెప్టెంబరునాటికి ససూనుకు చేరినది. అందు బ్రదికి వచ్చినవారు నరకముతో నరకమై, అమానుషకృత్యములతో నరకమునే మించినవారుగా వర్ణితులైరి. చనిపోయిన తోడివారిని గూర్చి వీరేల మాటాడరను ప్రశ్నతో కవిత నిలిచిపోవును. అనగా చంపుట యననేమో, చంపినవాడు పిమ్మట ఏల మూగవాడగునో, ఓవెన్ అక్టోబరుకు ముందే వ్రాసియుంచెను. తన్ను చంపినవారిలో చేర్చుకొనియే అతని కరుణ మాటాడినది. దానిని వెలుపల నిలిచినవాని జాలిగా చేయు పాఠము రాజపత్రమును మాత్రమే కాదు, కవితలనుగూడ సవరించుచున్నది. లేఖాసంపుట పాఠమును త్రోసిపుచ్చుటకు మన కిదియే ప్రధానహేతువు.

ఇట్టి సవరణకు రెండవ తార్కాణము ఓర్స్ గ్రామపు శ్మశానమునందలి సమాధిశిల. దానిపై కుటుంబము చెక్కించినవి ఓవెన్ రచించిన ఒక చతుర్దశపది లోని మాటలు. మూలమున కవి రెండు ప్రశ్నలు వేసెను: ప్రాణము ఈ దేహములను మరల నూతనము చేయునా? మృత్యువును రద్దుచేసి కన్నీరు తుడుచునా? పిదప వార్ధక్యము, భూమి రెండును నిరాశాకరములైన సమాధానముల నిచ్చును. శిలపై మొదటి ప్రశ్న నిలిచినది. రెండవది ప్రశ్నార్థకచిహ్నమునకు ముందే ఛేదింపబడుటచేత, మృత్యువు రద్దగుననెడి దృఢవాక్యముగా మారినది. ఒక్క అక్షరమైనను క్రొత్తగా చేర్పలేదు. ఆపినచోటు మాత్రమే మారినది. సందేహించిన కుమారుడు తల్లి విశ్వాసమునకు సాక్షియైనాడు. యతిస్థానము తప్పినచో అర్థమెంత మారునో పద్యపాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

అట్లని కుటుంబసాక్ష్యమును సర్వత్ర శంకింపరాదు. 1920 ఆగస్టు 1న సూసన్ ఓవెన్ మన రవీంద్రనాథ ఠాకూరునకు ఒక లేఖ వ్రాసెను. చివరిసారి యుద్ధమునకు పోవునాడు తన కుమారుడు ఠాకూరు వాక్యములను తనకు చెప్పి సెలవు తీసికొనెననియు, మరణానంతరము తిరిగివచ్చిన జేబుపుస్తకమున ఆ వాక్యములే అతని చేవ్రాతలో, క్రింద ఠాకూరు పేరుతో కనబడెననియు తెలిపి, ఆ గీతము పూర్తిగా ఏ గ్రంథమున దొరకునో చెప్పుమని అర్థించెను. ఈ చివరి అభ్యర్థనయే సాక్ష్యమునకు బలము. అది 'గీతాంజలి' లోనిదని ఆమె యెరుగదు. తెలియని గ్రంథమునుండి వాక్యమును తెచ్చి కుమారుని నోట పెట్టుట ఆమెకు సాధ్యము కాదు. అదే తల్లి, ఒకచోట ఆమె కోరిక పాఠమును ఛేదించినది, వేరొకచోట ఆమె యెరుగమి పాఠమును కాపాడినది. సాక్షిని బట్టి కాక సాక్ష్యమును బట్టి నిర్ణయించవలెననుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

ఇంకొక విషయము మిగిలియున్నది. ఓవెన్ అధికారి యగుటచే అతని పత్రములు నిలిచినవి. మొదటి యుద్ధమున పనిచేసిన సామాన్య బ్రిటిషు సైనికుల పత్రములు, 1940 సెప్టెంబరులో లండనుపై బాంబులు పడినప్పుడు, సగమునకు మించి దగ్ధమైనవి. నేలకొట్టమున కాపలా కాయుచు ప్రేలుడుకు చూపు కోల్పోయిన యువకుని సంగతి 1917 జనవరి లేఖలో ఒక వాక్యమున ముగిసిపోయినది. ఆ లేఖలో ఓవెన్, కాపలావారిని మెట్ల నడుమనే నిలిపి కాపాడ యత్నించితినని తల్లికి విన్నవించుకొనెను. తరువాత ఆ సంఘటననే కవితగా మలచి, 1918 సెప్టెంబరులో పూర్తిచేసెను. అందు ఆ సంజాయిషీ లేదు. బాలుడు వెలుగు కనబడుటలేదని ఏడ్చుట, వాని కన్నులకెదురుగ దీపము పట్టుట, పిమ్మట ఇతర గాయపడినవారి సందడిలో వానిని మరచుట, అన్నిదీపములు ఆరినపిమ్మట వాడు వెలుగు కనబడుచున్నదని అరచుట - ఇవియే యున్నవి. లేఖ అధికారి పక్షమున మాటాడినది. కవిత ఆ బాలుని పక్షమున మాటాడినది. తాను యుద్ధరంగమునకు మరలివచ్చినది ఈ పిల్లలకు నాయకుడై తోడ్పడుటకును, వారి బాధను కన్నులార చూచి వారి తరఫున వాదించుటకును అని అక్టోబరు లేఖలో అతడు చెప్పిన మాట ఇచ్చట సార్థకమైనది. వంశవృత్తము దొరకని సైనికునకు ఆ కవితయే సేవాపత్రము.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. ఆధారసమృద్ధి వివాదములను అణపదు. వాటిని పాఠభేదములుగా మార్చును. ప్రతులు ఎక్కువైనప్పుడు కావ్యపరిష్కర్త యేమి చేయునో, జీవితచరిత్రకారుడును అదియే చేయవలెను: ఏ ప్రతి ఎవరిచేత, ఎవరికొరకు పుట్టినదో గుర్తించుట, ఒకదాని మాట వేరొకదానిలో కలుపకుండుట, కాలక్రమమును ముందు నిలిపి, ఆపైననే కవితకు అన్వయించుట. ఓవెన్ జీవితమును పరిష్కరించువాడు రాజపత్రపాఠమును మూలమునందుంచి, లేఖాసంపుట పాఠమును పుట అడుగున పాఠాంతరముగా చూపవలెను. దానిని చెరిపివేయరాదు. లేఖకుడు ప్రేమచేత దిద్దిన అక్షరముగూడ ఆ ప్రతి చరిత్రలో ఒక భాగమే. కాని మూలమునందు దానికి చోటు లేదు.